ఇందిర చేసిందానికి నెహ్రూను అడగొద్దు

వారసత్వ రాజకీయాల మీద ఎక్కడ మాట మొదలైనా చివరికి వేలు ఒకే వైపు తిరుగుతుంది. "ఈ జబ్బు నెహ్రూతోనే మొదలైంది. కూతుర్ని పక్కన పెట్టుకుని తయారు చేశాడు, పార్టీని చేతిలో పెట్టాడు, పోతూ పోతూ దేశాన్ని అప్పగించాడు. ఆవిడ ఆ ఆస్తిని అనుభవించి కొడుకులకు పంచింది, అంతే." టీవీ చర్చల్లో ఇదే మాట, ఎన్నికల సభల్లో ఇదే మాట. కాంగ్రెస్‌ను తిట్టేవాళ్లు దీన్ని నేరారోపణగా చెబుతారు. కాంగ్రెస్‌కు మొక్కేవాళ్లు త్యాగాల కుటుంబ పరంపర అని చెబుతారు. ఒకరిది తిట్టు, ఒకరిది పొగడ్త. కథ మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఆ కథ మూలంలోనే తప్పు. పైగా అది హాని చేసే తప్పు. ఇందిరాగాంధీ చేసిన మంచినీ చెడునూ ఆమె చేతుల్లోంచి లాగేసి రక్తానికి అంటగడుతోంది. ఈ దేశంలో పార్టీలు కుటుంబాల సొత్తుగా ఎప్పుడు మారాయో, ఏ పద్ధతిలో మారాయో, ఎవరు మార్చారో కనబడకుండా చేస్తోంది.

ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పుకుందాం. 1928లో మోతీలాల్ కాంగ్రెస్ అధ్యక్షుడు, మరుసటి ఏడాది లాహోర్‌లో ఆ పీఠం కొడుకు జవహర్‌లాల్‌కు దక్కింది. జవహర్‌లాల్ జైలు నుంచి కూతురికి ప్రపంచ చరిత్రను ఉత్తరాలుగా రాశాడు. ప్రధాని అయ్యాక తీన్‌మూర్తి భవన్‌లో ఆమే ఇంటి పెద్ద, విదేశీ పర్యటనల్లో ఆమే తోడు. 1955లో ఆమె కాంగ్రెస్ వర్కింగ్ కమిటీలోకి వచ్చింది, 1959లో ఏకంగా పార్టీ అధ్యక్షురాలైంది. 1963లో సీనియర్లు పదవులు వదిలి పార్టీ పనిలోకి వెళ్లాలన్న కామరాజ్ ప్రణాళిక పేరిట మొరార్జీ దేశాయ్ వంటివాళ్లను మంత్రివర్గం నుంచి తప్పించారు. నెహ్రూ మనసులో కూతురే ఉందని లాల్‌బహదూర్ శాస్త్రి అనుకునేవారని కులదీప్ నయ్యర్ రాశారు. చివరికి 1966లో ఆమె ప్రధాని అయింది. వరుసగా పేర్చి చూస్తే పక్కా పథకంలాగే కనిపిస్తుంది.

ఈ సంగతుల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఇంటిపేరు ఆమెకు ఉపయోగపడలేదని అనేవాళ్లెవరూ ఉండరు, నేనూ అనను. అయితే వరుసగా జరిగిన సంగతులన్నీ ఒకదానికొకటి కారణాలు కావు. ఆ వరుసలోంచి వదిలేసిన సంగతులను కూడా పెట్టి చూడండి. కథ నిలబడదు.

1. పదిహేడేళ్లలో ఇవ్వనిది ఎప్పుడు ఇచ్చినట్టు?

నెహ్రూ 1947 ఆగస్టు నుంచి 1964 మే వరకు ప్రధాని. ఆ పదిహేడేళ్లలో చాలాకాలం ఆయన మాటకు కాంగ్రెస్‌లో ఎదురు లేదు. 1952, 1957, 1962లో మూడు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఇందిర ఒక్కదానిలోనూ పోటీ చేయలేదు. తండ్రి బతికుండగా ఆమె ఎంపీ కాలేదు, మంత్రి కాలేదు, కనీసం ఉపమంత్రి కూడా కాలేదు. రాయ్‌బరేలీ ఎంపీగా ఉన్న భర్త ఫిరోజ్‌గాంధీ 1960లో చనిపోయాక 1962 ఎన్నికల్లో ఆ సీటు ఆమెకు కట్టబెట్టడానికి అడ్డమేముంది? కట్టబెట్టలేదు. వారసురాలిని తయారు చేయాలనుకున్న తండ్రి అడిగితే చాలు దొరికే లోక్‌సభ సీటును పదిహేడేళ్లపాటు ఎందుకు అడగలేదో ఈ వాదం చేసేవాళ్లు చెప్పాలి. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కామరాజ్ ప్రణాళిక సంగతి తీసుకుందాం. 1963లో ఆరుగురు కేంద్రమంత్రులు రాజీనామా చేశారు. మొరార్జీతోపాటు జగ్జీవన్‌రామ్, ఎస్.కె. పాటిల్, మన బెజవాడ గోపాలరెడ్డి వాళ్లలో ఉన్నారు. లాల్‌బహదూర్ శాస్త్రి కూడా ఉన్నాడు. ఆ ఖాళీల్లో ఒక్కటైనా ఇందిరకు ఇచ్చారా? లేదు. 1964 జనవరిలో భువనేశ్వర్‌లో నెహ్రూకు పక్షవాతం వచ్చాక భారం పంచుకోవడానికి వెనక్కి పిలిచింది ఎవరిని? శాస్త్రిని. ఆ ప్రణాళిక మొరార్జీ దారి మూయడానికే పుట్టిందంటే వాదించవచ్చు. కూతురి దారి తెరవడానికి పుట్టిందంటే ఆధారం లేదు.

ఇక 1959 అధ్యక్ష పదవి. అది నిజం, ఈ కథలో బలమైన సాక్ష్యం కూడా అదే. అయితే ఆమె ఏడాది తిరిగేసరికి ఆ పదవి వదిలేసింది. ఆ తర్వాత అది ఎవరికి వెళ్లింది? అనంతపురం జిల్లా ఇల్లూరు నుంచి వచ్చిన నీలం సంజీవరెడ్డికి. ఆయన తర్వాత కర్నూలు జిల్లా పెదపాడులో దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్యకు. ఆ తర్వాత పెద్దగా చదువుకునే అవకాశం లేకుండానే ఎదిగిన కామరాజ్‌కు. నెహ్రూ చివరి అయిదేళ్లలో కాంగ్రెస్ పీఠం ఇలా నలుగురి చేతులు మారింది. వారసత్వం స్థిరపడిన పార్టీ లక్షణం ఇదేనా?

నెహ్రూ తన వాళ్లకు ఏమీ చేయలేదని కూడా అనలేం. చెల్లెలు విజయలక్ష్మీ పండిట్‌ను మాస్కోకు, వాషింగ్టన్‌కు, లండన్‌కు రాయబారిగా పంపింది ఆయన ప్రభుత్వమే. ఆ విమర్శ న్యాయమైనది. కానీ అదే రక్తం, అంతకుమించిన అనుభవం, 1937లోనే యునైటెడ్ ప్రావిన్సెస్‌లో మంత్రిగా పనిచేసిన చరిత్ర ఉన్న ఆ విజయలక్ష్మి కేంద్రమంత్రి కాలేదు, ప్రధాని పోటీలో నిలవనూ లేదు. రక్తమే గద్దె ఎక్కిస్తే ఆమెను ఎందుకు ఎక్కించలేదు?

2. 1966లో కూర్చోబెట్టింది ఎవరు?

1964 మే 27న నెహ్రూ పోయారు. వారసుడి పేరు ఆయన చెప్పి పోలేదు. అడిగినా చెప్పలేదు. నిర్ణయం పార్టీ పెద్దల చేతిలో పడింది. వాళ్లనే సిండికేట్ అన్నారు. కామరాజ్, నిజలింగప్ప, అతుల్య ఘోష్, ఎస్.కె. పాటిల్, మన సంజీవరెడ్డి అందులో ముఖ్యులు. నెహ్రూ తర్వాత ఎవరన్న లెక్క వాళ్లు 1963లోనే తిరుపతిలో కలిసి వేసుకున్నారు. ఆ లెక్కలో తేలిన పేరు శాస్త్రి. నెహ్రూ సంకల్పమే చట్టమై, ఆ సంకల్పంలో కూతురే ఉండి ఉంటే, ఆయన చితి ఆరకముందే ఆ సంకల్పం ఓడిపోయినట్టు లెక్క. ఇందిరకు దక్కింది రాజ్యసభ సభ్యత్వం, సమాచార ప్రసార శాఖ. ఇచ్చింది శాస్త్రి.

1966 జనవరి 11న తాష్కెంట్‌లో శాస్త్రి హఠాత్తుగా మరణించకపోతే ఈ చర్చే ఉండేది కాదు. ఆయనకు అప్పటికి అరవై ఒక్కేళ్లు. ఇంకో పదేళ్లు పాలించినా ఆశ్చర్యం లేదు. ఏ తండ్రీ ఏ కూతురి కోసమూ తాష్కెంట్‌లో ఒక గుండెపోటును ఏర్పాటు చేయలేడు.

శాస్త్రి తర్వాత సిండికేట్ మళ్లీ కూర్చుంది. మొరార్జీ రాకూడదు, ఇది మొదటి లెక్క. ఏడాదిలో ఎన్నికలున్నాయి, ఊరూరా తెలిసిన ముఖం కావాలి, ఇది రెండోది. తమ మాట వినే మనిషి కావాలి, ఇది మూడోది. ఈ మూడింటికీ సరిపోయిన పేరు ఇందిర. ముఖ్యమంత్రుల్లో ఎక్కువమంది ఆమె వైపు మొగ్గారు. మొరార్జీ తగ్గలేదు, పోటీకే దిగాడు. జనవరి 19న కాంగ్రెస్ ఎంపీలు రహస్య ఓటు వేశారు. ఇందిరకు 355, మొరార్జీకి 169.

ఇక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "నెహ్రూ కూతురు కాకపోతే ఆ లెక్కలో ఆమె పేరు వచ్చేదా?" రాదు. ఊరూరా తెలిసిన ముఖం అన్నది ఆ ఇంటిపేరు వల్ల వచ్చిందే. కానీ పేరు ఉండటం వేరు, గద్దె అప్పగించడం వేరు. అప్పగింతకు ఇచ్చేవాడు ఉండాలి. 1966లో ఇచ్చినవాళ్లు తమ అవసరం కోసం ఇచ్చారు, ఓటు వేసి ఇచ్చారు, 169 మంది వద్దన్నాక కూడా ఇచ్చారు. ఆ నిర్ణయానికి బాధ్యులు కామరాజ్, సంజీవరెడ్డి, నిజలింగప్ప, ఆ 355 మంది ఎంపీలు. ఏడాదిన్నర క్రితం చనిపోయిన మనిషి మీదకు దాన్ని తోసేస్తే బతికున్న వాళ్లందరూ తప్పించుకుంటారు. పార్టీ పెద్దల స్వార్థం, ఎంపీల పిరికితనం, గెలుపు గుర్రం కోసం వెతుకులాట అన్నీ మాయమై ఒక తండ్రి ప్రేమ మాత్రం మిగులుతుంది.

3. ఇంటిపేరు గెలిపిస్తే 1967 ఎందుకు దెబ్బతీసింది?

ఇందిర తొలి ఏడాది నెహ్రూ పేరుకు ఉన్న విలువ ఎంతో చూపించింది. కరువు, ధరలు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు, పార్లమెంటులో తడబాటు. సోషలిస్టు నేత లోహియా ఆమెను గూంగీ గుడియా (మూగబొమ్మ) అని ఎద్దేవా చేశాడు. 1967 ఎన్నికల్లో కాంగ్రెస్ 283 సీట్లకు పడిపోయింది, చాలా రాష్ట్రాల్లో అధికారం పోగొట్టుకుంది. కింగ్‌మేకర్ కామరాజ్ సొంత ఊరు విరుదునగర్‌లోనే ఓడాడు. బొంబాయిలో పాటిల్ ఓడాడు. నెహ్రూ కూతురు ప్రచారం చేసినా ఓటరు కనికరించలేదు.

ఆ తర్వాత ఆమె నిలబడిన తీరు తండ్రి ఇచ్చిన ఆస్తిని కాపాడుకున్న తీరు కాదు. ఆ ఆస్తిని ఆమె చీల్చేసింది. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. బెంగుళూరు సమావేశంలో పార్టీ పెద్దలు సంజీవరెడ్డిని అభ్యర్థిగా పెట్టారు. ఆమె జూలై 16న మొరార్జీ నుంచి ఆర్థికశాఖ తీసేసుకుంది, 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది, ఆత్మప్రబోధం మేరకు ఓటేయమని చెప్పి స్వతంత్రుడిగా నిలిచిన వి.వి. గిరిని గెలిపించింది. గిరీ, సంజీవరెడ్డీ ఇద్దరూ తెలుగువాళ్లే కాబట్టి ఆ పోరు మన ఇళ్లలో మరింత వేడిగా నడిచింది. నవంబర్ 12న నిజలింగప్ప ఆమెను పార్టీ నుంచి బహిష్కరించాడు. అంటే, తండ్రి అప్పగించాడంటున్న ఆ పార్టీ ఆమెను అధికారికంగా గెంటేసింది. పాత నాయకులు, పాత కార్యాలయాలు అటువైపు మిగిలిపోయాయి.

1971లో ఆమె ఆవూదూడా గుర్తు మీద పోటీ చేసి 352 సీట్లు తెచ్చుకుంది. పాత కాంగ్రెస్‌కు పదహారు వచ్చాయి. అదే ఏడాది తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది శరణార్థులు వచ్చిపడ్డారు. ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది, అమెరికా ఏడో నౌకాదళాన్ని బంగాళాఖాతం వైపు పంపినా వెనక్కి తగ్గలేదు, డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. నెలల తరబడి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు దూకాలో ఆమె, ఆమె సలహాదారులు, సైన్యాధికారులు కలిసి వేసుకున్న లెక్కల ఫలితం అది. ఇందులో ఏ భాగం తండ్రి ఇచ్చింది?

తోలుబొమ్మ అన్నవాళ్లే తర్వాత నియంత అన్నారు. రెండు మాటల మధ్యా వాళ్లు ఒక మెట్టు దాటేశారు. ఆమె సొంతంగా ఆలోచించి నిర్ణయించే మనిషి అని ఒప్పుకునే మెట్టు అది. అదే ఒప్పుకుని ఉంటే 1966లో ఆమెను ఎంపిక చేసినవాళ్లు ముందే జాగ్రత్తపడేవాళ్లు, 1975లో దేశం కూడా ముందే మేలుకునేది. కొడుకు వారసుడిగా వస్తే అతని సమర్థత మీద చర్చ నడుస్తుంది. కూతురు వస్తే ఆమె వెనక ఎవరున్నారన్న చర్చ నడుస్తుంది. తెలుగు రాజకీయాల్లో పురందేశ్వరి, షర్మిల, కవిత ఏ నిర్ణయం తీసుకున్నా అది ఇంటి గొడవగానే వార్తల్లోకి వస్తుంది. వాళ్ల నిర్ణయాలను విమర్శించండి, తప్పులేదు. కానీ నిర్ణయం వాళ్లదేనని ముందు ఒప్పుకోండి.

4. వారసత్వం నిజంగా పుట్టిన చోటు

నెహ్రూను నిందించేవాళ్లు ఇక్కడికి వచ్చేసరికి వేగం పెంచి దాటేస్తారు. ఇక్కడే ఆగాలి.

మొదటిది, పార్టీ లోపలి ఎన్నికలు. 1972 తర్వాత ఇరవై ఏళ్లపాటు కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు జరగలేదు. బ్లాకు, జిల్లా, రాష్ట్ర కమిటీల్లో గెలిచి వచ్చేవాడు లేకుండా పోయాడు. నియమించిన వాడే మిగిలాడు. మళ్లీ ఎన్నికలు జరిగింది పి.వి. నరసింహారావు హయాంలో, 1992లో తిరుపతి ప్లీనరీ నాడు. అక్కడ గెలిచిన వర్కింగ్ కమిటీ సభ్యుల చేత కూడా రాజీనామాలు చేయించారన్నది వేరే విషాదం. రెండు దశాబ్దాలు ఎన్నిక లేని పార్టీలో కిందినుంచి ఎదిగే దారి మూసుకుపోయింది, పైనుంచి దింపే దారి ఒక్కటే మిగిలింది. కుటుంబం దిగింది ఆ దారిలోనే.

రెండోది, ఎమర్జెన్సీ. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆమె ఎన్నికను కొట్టేశారు. 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చింది. మంత్రివర్గానికి తెలిసింది మరునాటి ఉదయం. ప్రధాని ఎన్నికను కోర్టులు ప్రశ్నించకూడదని 39వ సవరణ తెచ్చారు. ఈ పనుల్లో ఒక్కటి కూడా తండ్రి ఉత్తరాల్లోంచి రాలేదు. తన కుర్చీ కోసం తాను తీసుకున్న నిర్ణయాలు అవి.

మూడోది, కొడుకులు. సంజయ్‌కు ఎమర్జెన్సీ కాలంలో ఏ ప్రభుత్వ పదవీ లేదు. అయినా ముఖ్యమంత్రులు, అధికారులు అతని ముందు నిలబడ్డారు. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్ల కూల్చివేతలు అతని పేరుతోనే ముడిపడ్డాయి. అతని మాట వినని సమాచార మంత్రి ఐ.కె. గుజ్రాల్‌ను మార్చి వి.సి. శుక్లాను తెచ్చారు. 1980లో సంజయ్ అమేథీ ఎంపీ అయ్యాడు, ఆ జూన్‌లోనే విమాన ప్రమాదంలో పోయాడు. అప్పుడైనా ఆగవచ్చు. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా ఉన్న, రాజకీయాలంటే ఆసక్తి చూపని పెద్ద కొడుకు రాజీవ్‌ను అదే అమేథీకి తెచ్చారు. 1983లో పార్టీ ప్రధాన కార్యదర్శిని చేశారు.

నెహ్రూ పదిహేడేళ్లలో కూతురికి ఒక్క లోక్‌సభ సీటు ఇవ్వలేదు. ఇందిర ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు కొడుకులకు ఒకే సీటు ఇచ్చింది. ఈ రెండింటినీ ఒకే పనిగా చెప్పేవాడు చరిత్ర చెప్పడం లేదు.

5. ఆంధ్రప్రదేశ్ సాక్ష్యం

ఈ మార్పు ఎలా పనిచేసిందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాది ఆమెను తుడిచిపెట్టినా మన రాష్ట్రం 42లో 41 సీట్లు కాంగ్రెస్‌కే ఇచ్చింది. పోయిన ఒక్కటి నంద్యాల, అక్కడ జనతా తరఫున గెలిచింది సంజీవరెడ్డి. 1980లో మెదక్ ఆమెను లోక్‌సభకు పంపింది. రాయ్‌బరేలీ కూడా గెలిచినా దాన్ని వదులుకుని ఆమె మెదక్‌నే ఉంచుకుంది. ఇంత నమ్మిన రాష్ట్రానికి దక్కిందేమిటి?

1978 నుంచి 1983 జనవరి లోపల నలుగురు ముఖ్యమంత్రులు. మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. శాసనసభ్యులు అంతమంది ఉన్నా ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో తేల్చింది ఢిల్లీ. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అప్పటికి ఏడాది కూడా నిండని ఎంపీ రాజీవ్ ఒక రాష్ట్ర ముఖ్యమంత్రిని, కార్మిక నాయకుడిగా ఎదిగి వచ్చిన అంజయ్యను అందరిముందు కసిరాడు. ఆ నెలలోనే అంజయ్య పదవి పోయింది. ఆ ఎంపీకి ఆ అధికారం రాజ్యాంగం ఇవ్వలేదు, పార్టీ నియమావళి ఇవ్వలేదు. తల్లి ఇచ్చింది.

తెలుగువాళ్లు జవాబు చెప్పారు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు, తొమ్మిది నెలల్లో గెలిచారు. 1984 ఆగస్టు 16న గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఆయన ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ రద్దు చేస్తే జనం నెల రోజుల్లో తిరిగి నిలబెట్టుకున్నారు. నెహ్రూ పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ పోరాటంలో జనం నిలదీసింది ఇందిర ఢిల్లీని. వాళ్లకు ఎవరు చేశారో తెలుసు. ఇప్పుడు చరిత్ర మాట్లాడేవాళ్లే మరచిపోయారు.

ఆత్మగౌరవం పేరుతో పుట్టిన పార్టీలోనూ 1995 ఆగస్టు నాటికి పార్టీ ఎవరిదన్న తగువు మామకూ అల్లుడికీ మధ్య, ఒకే ఇంట్లో నడిచింది. ఆ తర్వాత వచ్చిన ప్రాంతీయ పార్టీలు చాలా వరకు అదే అచ్చులో తయారయ్యాయి. కమిటీలన్నీ పైనుంచి నియామకాలు, అధ్యక్ష ఎన్నిక ఏకగ్రీవం, రెండో స్థానం ఇంట్లోనే. వీళ్లెవరికీ నెహ్రూ రక్తం లేదు. ఇందిర పద్ధతి మాత్రం ఉంది.

6. మూడు మరణాలు

ఇంకా సందేహం ఉన్నవాళ్లు మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి.

1964 మే 27న నెహ్రూ మరణం. గుల్జారీలాల్ నందా తాత్కాలిక ప్రధాని. జూన్ 2న పార్లమెంటరీ పార్టీ శాస్త్రిని ఎన్నుకుంది, 9న ప్రమాణం.

1966 జనవరి 11న శాస్త్రి మరణం. మళ్లీ నందా తాత్కాలికం. 19న ఓటింగ్, 24న ఇందిర ప్రమాణం.

1984 అక్టోబర్ 31 ఉదయం ఇందిర హత్య. తాత్కాలిక ప్రధాని లేడు. పార్లమెంటరీ పార్టీ సమావేశం కాలేదు. ఆ సాయంత్రమే రాజీవ్‌తో రాష్ట్రపతి జైల్‌సింగ్ ప్రమాణం చేయించారు. అప్పటికి అతను ఎంపీ అయి మూడేళ్లు, మంత్రిగా ఒక్కరోజు పనిచేయలేదు.

హత్య, భయం, అల్లర్ల ముప్పు ఉన్నాయి, నిజమే. కానీ శాస్త్రి పరాయి దేశంలో, యుద్ధం ముగిసి ఒప్పందం మీద సంతకం పెట్టిన రాత్రి చనిపోయినప్పుడు కూడా దేశం ఎనిమిది రోజులు ఆగి ఓటు వేసుకుంది. 1966లో ఆగగలిగిన పార్టీ 1984లో ఎందుకు ఆగలేకపోయింది? మధ్యలో పద్దెనిమిదేళ్లు ఆగి అడిగే అలవాటునే ఒకరు తీసేశారు. ఆ ఒకరు నెహ్రూ కాదు.

7. ఈ కథ ఎవరికి పనికొస్తోంది?

తప్పుడు కథ ఇంతకాలం బతకాలంటే దాని మీద లాభపడేవాళ్లు ఉండాలి. ఉన్నారు.

కాంగ్రెస్ కుటుంబ భక్తులకు ఇది కావాలి. మోతీలాల్ నుంచి నేటిదాకా ఒకే పరంపర అని చెబితే 1975 ఒక మరకగా, 1972 తర్వాత ఆగిన ఎన్నికలు ఒక వివరంగా తేలిపోతాయి. కాంగ్రెస్ ప్రత్యర్థులకూ ఇది కావాలి. నెహ్రూ మీద ఒక్క రాయి వేస్తే అందరికీ తగిలినట్టే, సాక్ష్యాలతో పనిలేదు. వీళ్లిద్దరికన్నా ఎక్కువగా ప్రాంతీయ పార్టీల అధినేతలకు ఇది కావాలి. "నెహ్రూ అంతటివాడే కూతుర్ని తెచ్చాడు, మేం తెస్తే తప్పేమిటి?" అని అడగడానికి వాళ్లకు దొరికిన సాకు ఇదే. నెహ్రూ తేలేదని ఒప్పుకుంటే ఆ సాకు పోతుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం మందు మారిపోవడం. జబ్బు రక్తంలో ఉందనుకుంటే ఇంటిపేర్లను తిట్టడమే వైద్యం అవుతుంది. ఒక కుటుంబాన్ని దించి ఇంకో కుటుంబాన్ని ఎక్కించి చాలని సంతోషిస్తాం. జబ్బు పార్టీ నిర్మాణంలో ఉందని తెలిస్తే అడగాల్సినవి వేరుగా ఉంటాయి. అధ్యక్షుడిని ఎవరు ఎన్నుకున్నారు, ఎంతమంది ఓటు వేశారు, పోటీ ఎవరు చేశారు, టికెట్లు ఏ కమిటీ ఇచ్చింది? పార్టీలో ఎన్నికలు జరపకపోయినా ఆ కారణంతో పార్టీ నమోదు రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. చట్టం మారాలి, పార్టీ ఎన్నికలు స్వతంత్ర పర్యవేక్షణలో జరగాలి. నెహ్రూను తిట్టే ఏ నాయకుడైనా తన పార్టీకి ఈ నియమం పెట్టమని అడిగాడా? అడగడు. తిట్టు వల్ల అతనికి నష్టం లేదు, ఎన్నిక వల్ల ఉంది.

నెహ్రూకు తప్పులు లేవని ఈ వ్యాసం అనడం లేదు. 1953లో షేక్ అబ్దుల్లా నిర్బంధం, 1959లో కేరళ కమ్యూనిస్టు ప్రభుత్వం రద్దు, 1962లో చైనా చేతిలో దెబ్బ ఆయన ఖాతాలోవే. కేరళ విషయంలో తండ్రిని తొందరపెట్టింది అప్పటి పార్టీ అధ్యక్షురాలు ఇందిరే అని చరిత్రకారుల్లో చాలామంది రాశారు. అయినా సంతకం ఆయన ప్రభుత్వానిది, లెక్క ఆయనదే. ఇదే నియమం ఇందిరకూ వర్తించాలి. బ్యాంకుల జాతీయకరణ, బంగ్లాదేశ్ యుద్ధ విజయం ఆమెవి. ఎమర్జెన్సీ ఆమెది. ఆగిపోయిన పార్టీ ఎన్నికలు ఆమెవి. సంజయ్ ఆమె నిర్ణయం, రాజీవ్ ఆమె నిర్ణయం. అంజయ్యకు జరిగిన అవమానం ఆమె పాలనలో జరిగింది.

ఇందిరాగాంధీని నెహ్రూ కూతురిగా కొలవడం ఆమెకు అవమానం, దేశానికి మోసం. ఆమె పదహారేళ్లపాటు ఈ దేశాన్ని తన బుద్ధితో, తన పట్టుదలతో, తన భయాలతో పాలించింది. తండ్రి నుంచి పార్టీని అందుకోలేదు. ఓట్ల పార్టీని చేతుల్లోకి తీసుకుని కుటుంబ పార్టీని చేసి వెళ్లింది. ఈ దేశంలో వారసత్వ రాజకీయానికి తొలి నిర్మాత ఆమే. ఈ మాట ఒప్పుకోని ఏ చర్చా ఇవాళ మన కళ్ల ముందున్న పార్టీలను ప్రశ్నించే అర్హత సంపాదించుకోలేదు.